అడ్డముండేటామె

గోల్‌కీపర్‌కు తన జట్టువాళ్ల ముఖాలు పెద్దగా తెలియవు. ఆట నడిచినంతసేపూ కనిపించేవి వీపులే. ఎవరు భయపడ్డారో, ఎవరు అలిసిపోయారో, ఎవరికి పొద్దున ఇంట్లో గొడవైందో నేను భుజాలు చూసి చెప్పేస్తాను. ఉప్పల్‌లో హాకీ ఆడతామంటే జనం నవ్వుతారు. వాళ్లకు ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం, మ్యాచ్ రోజు ట్రాఫిక్, అంతే. నవ్వనీ. నేను రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. నలభై దాటాక కూడా ఆదివారం పొద్దున కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతబడ్డ ఫ్యాక్టరీ వెనక గ్రౌండులో నిలబడతానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. వాళ్లకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

నాకు బాగా తెలిసిన వీపు ఒకటుంది. వెడల్పాటి వీపు. కుడి భుజం కొంచెం కిందికి వంగి ఉంటుంది, నీళ్ల క్యాన్లు మోసీ మోసీ. ఆమెది పాత ఉప్పల్. తాతల నాటి పొలాలు ఎప్పుడో ప్లాట్లయిపోయాయి. ఇప్పుడు అన్న నీళ్ల ప్లాంటు నడుపుతాడు, ఆమె ట్రాలీ ఆటో నడిపి క్యాన్లు వేస్తుంది. హబ్సిగూడలో లిఫ్టు లేని హాస్టళ్లన్నీ ఆమెకే తగులుకున్నాయి. స్కూలు రోజుల్లో హాకీ ఆడింది, ముప్పై దాటాక మళ్లీ స్టిక్ పట్టింది. మా జట్టులో డిఫెండర్, అదీ బెంచి మీద డిఫెండర్. ఎవరికైనా కాలు పట్టేస్తేనో, ఎవరైనా రొప్పుతుంటేనో దిగుతుంది. దిగాక చేసే పని ఒక్కటే, గోలు వైపు వచ్చేవాళ్లకు అడ్డం నిలబడటం. గోల్ కొట్టదు. చూడముచ్చటైన పాస్ ఇవ్వదు. బంతి దొరికితే బలంగా బయటికి బాదేస్తుంది. గట్టు మీద కూర్చుని చూసేవాళ్లు ఇదేం ఆట అనుకుంటారు. గోలులో నిలబడ్డ నాకు మాత్రం ఆమె దిగిందంటే ప్రాణం లేచొస్తుంది.

ఆమెతో ఒక చిక్కు ఉంది. బంతి గోలు పక్కనుంచి బయటికి పోతుంటే, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని కీపరే అరిచి చెప్పాలి. నా నోట వచ్చే మాట "పోనియ్". బంతి మీదికి ఉరకమనడానికి మాట "పో". రెండూ ఒకలాగే మొదలవుతాయి. మిగతావాళ్లు మాట పూర్తయ్యేదాకా ఆగుతారు. ఆమె ఆగదు. "పో" చెవిన పడిందంటే కాలు లేస్తుంది. "నియ్" చేరేసరికి మనిషి అక్కడ ఉండదు. "ఏందే, పోనియ్ అన్నగద!" అంటే, "నాకు పో అనే ఇనవడ్డదక్కా" అంటుంది, తప్పంతా నా గొంతుదే అన్నట్టు. ఎన్నిసార్లు తిట్టానో. తిట్లు మాత్రం చివరిదాకా వింటుంది.

నాచారంలో ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో ఈ చిక్కే మెడకు చుట్టుకుంది. ఎదుటి జట్టు అమ్మాయి దగ్గరనుంచి కొట్టిన బంతి గురి తప్పి, గోలుకు బారెడు అవతలనుంచి బయటికి పోతోంది. నేను "పోనియ్" అని అరిచాను. ఆమె ఒక్క అంగలో వెళ్లి స్టిక్ చాపింది. బంతి స్టిక్ కొసకు తగిలి మళ్లి, నా కాలి పక్కనుంచి గోలులో పడింది. ఎదుటివాళ్లు కూడా కాసేపు సంబరపడటం మరిచిపోయారు. పక్కన మా కోచ్ నిలబెట్టిన ఫోన్ ఇదంతా తీస్తూనే ఉంది.

మా కోచ్ కుర్రాడు. కోస్తానుంచి వచ్చి పోచారం ఐటీ క్యాంపస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. యూనివర్సిటీకి ఆడాడు, మాకు ఊరికే నేర్పుతాడు. అతన్ని చెడ్డవాడంటే నా కళ్లు పోతాయి. కానీ అతనికి ఆటంటే ఫోన్‌లో కనిపించేదే. ప్రతి మ్యాచ్‌నూ వీడియో తీసి, ముక్కలు కత్తిరించి, మా వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఆ సాయంత్రం గ్రూపులో ఆ గోల్ ముక్క వచ్చింది. కింద అతనేమీ రాయలేదు. రాయకపోవడంతోనే నాకు భయం వేసింది.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక నన్ను చాయ్ బండి దగ్గరికి పిలిచాడు. లీగ్‌లో మాకు ఇంకొక్క మ్యాచ్ మిగిలింది. గెలిస్తే పై డివిజన్‌కు వెళ్తాం, లేకపోతే ఉన్నచోటే.

"మేడం, ఆవిణ్ని తీసేద్దామనుకుంటున్నాను. హబ్సిగూడ నుంచి వచ్చే కాలేజీ అమ్మాయి ఉంది కదా, ఆ అమ్మాయి చాలు. ఫాస్ట్‌గా ఉంటుంది, పాస్ ఇస్తుంది."

"ఆమెను తీసేస్తవా? ఒక్క గోల్‌కా?"

"ఒక్క గోల్ గురించి కాదండీ. వీడియోలన్నీ కూర్చుని చూశాను. ఆవిడ మనవాళ్లకు ఇచ్చిన మంచి బంతి ఒక్కటి చూపించండి."

"వాళ్లకు దొరకనియ్యని బంతులు సూపియ్యాల్నా తమ్మీ? ఆమెను జూసి ఎనకకు మళ్లినోళ్లను సూపియ్యాల్నా? అవి నీ ఫోన్ల కనవడయ్."

"కనబడనిదాన్ని నేనెలా నమ్మాలి మేడం?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది. మంచి ఫార్వర్డ్ ఒకతె ఆమె వైపు రాబోయి, ఆ భుజాన్ని చూసి, మనసు మార్చుకుని అవతలి పక్కకు తిరుగుతుంది. అటు తిరిగితే కోణం పోతుంది, కొట్టిన బంతి నా చేతుల్లోకే వస్తుంది. వీడియోలో కనిపించేది మాత్రం నేను ఆపడం. నాకు చప్పట్లు, ఆమెకు ఏమీ లేదు. ఇదంతా విడమర్చి చెప్పే ఓపిక నాకు ఏనాడూ లేదు. నాకున్నది కోపమే.

"ఆమె లేకుంటే గోల్ల నువ్వే నిలవడు," అని గ్లాసు బండి మీద పెట్టేశాను.

చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఆమె ఆఖరి సబ్‌గా ఉంటుంది, మిగతావాళ్లను మార్చాకే దిగుతుంది. "పోనియ్" అనే మాట ఇక వద్దు, "లీవ్" అనాలి. ఇంకొక్కసారి ఆమె కీపర్ మాట వినకుండా బంతి ముట్టుకుందా, ఆ రోజుతో సరి, జట్టులో చోటు లేదు. "నాకు చెప్పిన మాట వినే ప్లేయర్ కావాలి మేడం. నేను అడిగేది అంతే," అన్నాడు.

ఈ సంగతి ఆమెకు చెప్పడం నా వంతైంది. గేటు బయట ట్రాలీ ఆటో ఆనుకుని ఖాళీ క్యాన్లు సర్దుతోంది. విన్నాక నవ్వింది.

"లీవా? మా అన్న ఇస్తలేడు, నువ్విస్తవా అక్కా?"

"నవ్వకు. ఈసారి ఇనకుంటే ఎల్లగొడ్తడు."

నవ్వు ఆగిపోయింది. క్యాన్ చేతిలోనే ఉంది. "అట్లయితే నా ఐతవారం పోయినట్టే," అంది. ఆదివారాలు ఫంక్షన్ హాళ్లకు క్యాన్లు వేసే పని ఎప్పటినుంచో ఆమె మెడకు తగిలించాలని అన్న చూస్తున్నాడట. టీమ్‌లో ఉన్నంతవరకే మినహాయింపు, అదీ ఈసారి టీమ్ పై డివిజన్‌కు పోతేనే. టీమ్ లేదంటే పొద్దున నుంచి రాత్రిదాకా హాళ్ల వెంటే. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, నాకే మండింది.

"గింత పట్టింపు ఎందుకే నీకు ఈ ఆట? బెంచి మీద గూసునుడేగదా సగం."

ఆమె చేతిలోని క్యాన్ ట్రాలీలో పెట్టింది. "పొద్దున లేస్తె అందరు అడ్డం తియ్, అడ్డం తియ్ అనేటోళ్లే అక్కా. గల్లీల బండి అడ్డం, మెట్ల మీద క్యాన్ అడ్డం, ఇంట్ల నేను అడ్డం. ఈడ ఒక్క దగ్గరనే అడ్డముండు అంటరు."

స్కూలుకు ఆలస్యమవుతోందని చెప్పి బండెక్కాను. దారంతా ఆ మాటే చెవిలో పడి ఉంది.

ఆ వారమంతా పొద్దున్నే ఇద్దరం గ్రౌండుకు వచ్చి ఒకే పని చేశాం. నేను బంతి దొర్లించడం, "లీవ్" అనడం. ఆమె స్టిక్ పైకెత్తి నిలబడిపోవడం. ఒక్కోసారి "పో" అనేదాన్ని. ఉరికేది. తప్పు లేదు, తడబాటు లేదు. కానీ గ్రౌండులో మేమిద్దరమే ఉన్నాం, హూటర్ లేదు, ఎదుటివాళ్లు లేరు. మ్యాచ్‌లో నోరు మన మాట వినదని ఆటలు నేర్పేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఆదివారం పొద్దున నా ప్యాడ్లూ హెల్మెట్టూ ఆమె ట్రాలీలో వేశాం, క్యాన్లుండే చోట. నేను ముందు ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ప్లాంటు ముందు అన్న నిలబడి ఉన్నాడు.

"ఇది ఆఖరుదేనా?" అన్నాడు.

"ఓడితె ఆఖరుదే అన్నా," అని ఆమె బండి స్టార్ట్ చేసింది.

మ్యాచ్ నగరంలో టర్ఫ్ మీద, అంటే ప్లాస్టిక్ గడ్డి మీద. నాచారం గ్రౌండులో బంతి గులకరాళ్లకు తగిలి నెమ్మదిస్తుంది. టర్ఫ్ మీద నీళ్లు చల్లి ఉంటాయి, బంతి జారిపోతుంది. నాకు అక్కడ మొదటి పది నిమిషాలూ దాని వేగం అంచనాకు అందదు. ఎదుటి జట్టులో ఒక పొడుగాటి అమ్మాయి ఉంది. ఆమె వార్మప్‌లో ఖాళీ గోలులోకి విసురుతున్న బంతుల చప్పుడు విని మావాళ్లు మాటలు ఆపేశారు. పెనాల్టీ కార్నర్‌లో విసిరేది ఆమే.

పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో హాకీ చూడనివాళ్లకు చెప్పాలి. గోలు దగ్గర మావాళ్లు తప్పు చేస్తే ఎదుటివాళ్లకు ఇది ఇస్తారు. వాళ్లలో ఒకరు గోలు గీత మీంచి బంతిని దూరంగా నెడతారు, ఒకరు ఆపుతారు, ఒకరు దాన్ని గోలులోకి విసురుతారు. మేం కొద్దిమందిమే గోలు గీత వెనక నిలబడాలి, బంతి కదిలాకే కదలాలి. మాలో ఒకరు అందరికంటే ముందు, తిన్నగా ఆ విసిరే మనిషి మీదికి ఉరకాలి. ఆ పని చేసేవాళ్లను రషర్ అంటారు. ఒళ్లు అడ్డం పెడితే అంపైర్ ఈల వేస్తాడు, స్టిక్‌తోనే ఆపాలి. అంటే స్టిక్ నేలకు ఆనించి, వంగి, వేళ్లూ ముఖమూ బంతికి ఇంకా దగ్గర పెట్టుకుని ఉరకాలి. ముఖానికి మాస్కు ఇస్తారు. వేళ్లకు పల్చటి గ్లవ్ తప్ప ఏమీ ఉండదు.

మొదటి సగంలో మేమే ఒక గోల్ కొట్టాం. ఎలా కొట్టామో నాకు సరిగ్గా కనబడలేదు, అవతలి కొసన వీపులన్నీ ఎగిరాయి. అక్కడినుంచి ఆట మొత్తం నా వైపే జరిగింది.

మూడో క్వార్టర్‌లో వాళ్లకు మొదటి కార్నర్ వచ్చింది. కాలేజీ అమ్మాయి రషర్. నేను "పో" అన్నాను. చక్కగా ఉరికింది, బెంచి మీద ఉన్న ఆమెకంటే వేగంగా ఉరికింది. కానీ ఆ పొడుగాటి అమ్మాయి చెయ్యి కదలగానే ఈ పిల్ల నడుము పక్కకు తిరిగింది. బంతి ఆ ఖాళీలోంచి వచ్చి, నా భుజం మీంచి పోయి పై కర్రకు తగిలి ఎగిరిపోయింది. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. పిల్లను నేను ఒక్క మాట అనలేదు. ఎదురొచ్చే దెబ్బకు ఒళ్లు తప్పుకోవడం తప్పెలా అవుతుంది? ఒంటికి ఆ తెలివి పుట్టుకతోనే వస్తుంది. ఇంకోసారి మాత్రం కర్ర కాపాడదు.

నేను బెంచి వైపు తిరిగి, హెల్మెట్ పైకెత్తి, గ్రౌండంతా వినబడేలా అరిచాను. "పంపియ్ ఆమెను!"

కోచ్ విననట్టు నిలబడ్డాడు.

"తమ్మీ! ఇంకో కార్నరొస్తె మార్వనీయరు. ఇప్పుడే పంపియ్!"

నిజమే, కార్నర్ ఇచ్చాక అది తేలేదాకా మనిషిని మార్చడానికి వీల్లేదు. అది అతనికీ తెలుసు. చేతులు కట్టుకుని అటూ ఇటూ నడిచాడు. ఆఖరి క్వార్టర్ సగమయ్యాక తల ఊపాడు. ఆమె దిగింది. నా ముందు ఆ వీపు వచ్చి నిలబడింది, కుడి భుజం కిందికి.

ఆ తరవాత వచ్చిన నిమిషాల్ని నేను ఇప్పటికీ తలుచుకోవాలనుకోను. ఒకసారి ఆమె బంతిని గట్టు మీది కుర్చీల్లోకి బాదింది. ఎవరో నవ్వారు. కోచ్ నుదురు కొట్టుకున్నాడు. ఒక అమ్మాయి గీత వెంట దూసుకొస్తే ఆమె భుజానికి భుజం పెట్టి పక్కనే ఉరికి, ఉరికి, చివరికి బంతితో సహా బయటికి సాగనంపింది. అంపైర్ దగ్గరికొచ్చి వేలు చూపించి హెచ్చరించాడు. కార్డు ఇచ్చి ఆమెను బయట కూర్చోబెడతాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు.

ఇక అయిపోయిందనుకున్నాం. గడియారం వైపు చూడొద్దని పిల్లలకు చెప్పే నేను గడియారమే చూస్తున్నాను. అప్పుడు ఎవరో అడ్డదిడ్డంగా నెట్టిన బంతి వచ్చి ఆమె పాదానికి తగిలింది, హాకీలో అది తప్పు. అంపైర్ రెండు చేతులూ గోలు వైపు చాచాడు. పెనాల్టీ కార్నర్. ఆ చేతులు దించేలోపే హూటర్ మోగింది. సమయం అయిపోయింది, ఆట అవలేదు. ఈ ఒక్క కార్నర్ ఆడాలి. గోలైతే సమానం, మాకు పై డివిజన్ లేదు. ఆమెకు ఆదివారం లేదు.

బెంచి దగ్గర కోచ్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

ఆమె మాస్కు కట్టుకుంటూ నా వైపు తిరిగింది. మాస్కులో కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. "నా కాలుకే తాకాల్నా అక్కా," అంది.

"గది ఇడువు. నేను పో అన్నంక కదులు. ముందు కదిల్నవా, గా సెంటర్ గీత ఆవలికి పంపుతరు. ఇగ మనకు అడ్డం ఎవలుండరు."

"నువ్వు మంచిగ జెప్పు. గట్టిగ జెప్పు."

గీత వెనక వంగి నిలబడింది. స్టిక్ కొస నేలకు ఆనించింది. ఆ వీపు ఊపిరితో పైకీ కిందికీ కదులుతోంది. భయపడిందని నాకు తెలిసిపోయింది. అన్ని వీపులూ చూశాను కదా. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదలు.

బంతి కదిలింది. "పో!"

ఉరికింది. ఆ పిల్లంత వేగం లేదు. కానీ తిన్నగా పోయింది, దారం పట్టి గీత గీసినట్టు. పొడుగాటి అమ్మాయి బంతి మీదికి వంగింది, చెయ్యి తిరిగింది, ఆ వీపు ఇటూ అటూ కాలేదు. ఇంకా కిందికి వంగింది. టప్ మని ఒక చప్పుడు వచ్చింది. అది కర్ర చప్పుడు కాదు. స్టిక్ పట్టుకున్న వేళ్ల చప్పుడు. స్టిక్ పట్టిన చేతికి తగిలితే తప్పు కాదు, అంపైర్ ఈల వేయలేదు, ఆట నడుస్తూనే ఉంది.

ఆమె మోకాళ్ల మీద పడి, పక్కకు ఒరిగింది. బంతి పైకి లేచి, పడి, గిర్రున తిరుగుతూ గోలు కుడి కర్ర వైపు దొర్లుతోంది. నేను అప్పటికే ఎడమవైపు పడి ఉన్నాను. ప్యాడ్లతో లేవడం గేదె లేచినట్టే. వాళ్లమ్మాయి ఒకతె బంతి కోసం ఉరికొచ్చింది, దారిలో ఆమె ఒళ్లు అడ్డంగా పడి ఉంది, చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. బంతి కర్రకు అవతలికి పోతుందని నాకు కనబడుతోంది. బెత్తెడు తేడాతో పోతుంది. ఎవరూ ముట్టుకోకపోతే పోతుంది. ఆమె స్టిక్ బంతికి పక్కనే ఉంది. ఊరికే చాపితే చాలు, అందుతుంది. చాపిందా, ఆ తిరుగుడుకు అది ఎటు మళ్లుతుందో దేవుడికే తెలియాలి.

వారమంతా బట్టీపట్టిన మాట నా నోట్లోంచి ఎక్కడికో పోయింది.

"పోనియ్!" అని అరిచాను.

అరిచాక తెలిసింది ఏమన్నానో. కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. ఆమె తల లేచింది. భుజం కదిలింది. స్టిక్ కదల్లేదు. బంతి కర్రను రాసుకున్నంత దగ్గరగా, బయటినుంచి, గీత దాటింది. అంపైర్ పొడుగ్గా ఈల వేశాడు.

మావాళ్లు అందరూ కేకలేస్తూ నా మీద పడ్డారు. వాళ్లను తోసుకుని నేను ఆమె దగ్గరికి పోయాను. కుడి చెయ్యి కడుపుకు అదుముకుని కూర్చుని ఉంది. గ్లవ్ తీయబోతే అరిచింది. "గెలిచినమా?" అని అడిగింది. "గెలిచినం," అంటే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇందులో దాచేదేముంది.

ఆమె ట్రాలీని ఇంకొకరు నడిపారు. నాచారంలో ఒక చిన్న దవాఖానాలో ఎక్స్‌రే తీసి, రెండు వేళ్లు విరిగాయని పట్టీ వేశారు. బయట బెంచి మీద కూర్చున్నాం. కోచ్ వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. ఫోన్ మా ముందు పెట్టాడు. అప్పుడే గ్రూపులో వేశాడట.

ఆ ముక్క ఆమె నేల మీద పడి ఉండగా మొదలైంది. బంతి దొర్లుతోంది, స్టిక్ పక్కనే ఉంది, ఆమె ముట్టుకోలేదు. అంతే, అయిపోయింది.

"చూశారా మేడం! అంత నొప్పిలో కూడా మీ మాట విని వదిలేసింది. ఇదీ నేనడిగింది. ఇదీ డిసిప్లిన్ అంటే." ఆమె వైపు తిరిగి, "వచ్చే సీజన్‌కు మీ చోటు మీదేనండీ," అన్నాడు. ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ మెట్ల వైపు వెళ్లాడు.

అతను దూరం వెళ్లేదాకా ఆగి, ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, ఒక మాట. నాకు పో అనే ఇనవడ్డది."

"ఏందీ?"

"కొడదామనే జూసిన. చెయ్యి లేవలే. వేళ్లు నావి గానట్టె అయినయ్. ఒట్టు."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. అంటే ఆమె చెయ్యని పనికి మెచ్చుకున్నాడు. చేసిన పనిని, ఆ ఉరుకును, ఆ వంగడాన్ని, తప్పుకోని ఆ నడుమును కత్తిరించి పారేశాడు. వేళ్లు దేనికి విరిగాయో అతనికి పట్టలేదు. నేను లేవబోయాను. ఆమె బాగున్న చేత్తో నా చేయి పట్టుకుంది.

"జెప్పకు. జెప్తె తీసేస్తడు. వాని షరతు అదేగదా. చోటిచ్చిండు, ఐతవారం దక్కింది. ఎట్ల దక్కితేంది? పోనియ్ అక్కా."

ఆమె నోటినుంచి ఆ మాట నేనెప్పుడూ వినలేదు. కాని నాకు "పో" అనే వినబడింది.

మెట్ల దగ్గరికి వెళ్లి అతని చేత ఫోన్ పెట్టేయించాను. "తమ్మీ, కత్తిరించకముందుది ఉన్నదా? మొత్తం తియ్. గోలు గీత కాడికెంచి." తీశాడు. ముగ్గురం బెంచి మీద కూర్చుని చూశాం. ఆమె తల వంచుకుంది, నా వైపు చూడలేదు. ఫోన్‌లో ఆ వీపు చిన్నగా కనిపించింది, గీత వెనక వంగి. ఉరికింది. పొడుగాటి అమ్మాయి చెయ్యి తిరిగింది. కోచ్ ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ పెట్టాడు. దాని తరవాత కాలేజీ అమ్మాయి ఉరికిన కార్నర్ వెతికి పెట్టాడు. ఆ నడుము తిరిగిన చోట ఆపాడు. మళ్లీ ఈమెది పెట్టాడు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అప్పుడే.

"ఇంకోటి గుడ ఇను," అన్నాను చివరికి. "నేను లీవ్ అనలే. పోనియ్ అన్న. ఈమెకు పో అని ఇనవడ్డది. చెయ్యి ఇరిగిందిగాబట్టి ఆగింది. నీ షరతు ప్రకారమైతే ఈమె టీమ్‌ల లేదు. ఇగ నీ ఇష్టం."

ఆమె ఊపిరి బిగబట్టింది. పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు తెలిసింది. కోచ్ ఫోన్ ఆర్పేసి, ఒళ్లో పెట్టుకుని, ఆమె చేతి పట్టీ వైపు చూస్తూ కూర్చున్నాడు. దవాఖానా గుమ్మంలోకి ఎవరినో స్ట్రెచర్ మీద తెస్తుంటే మేం కాళ్లు ముడుచుకున్నాం. అది లోపలికి పోయాక అతను ఆమె వైపు తిరిగాడు.

"ఆ బంతి వస్తున్నప్పుడు..." అని మొదలుపెట్టి, ఆపేశాడు. తరవాత మామూలు గొంతుతో అడిగాడు. "చెయ్యి ఎప్పటికి బాగవుతుందన్నారండీ? పై డివిజన్‌లో వీళ్లకంటే గట్టిగా విసిరేవాళ్లుంటారు."

ఆమె తలెత్తింది. ముందు నన్ను చూసింది, చంపేస్తానన్నట్టు. తరవాత అతన్ని చూసింది.

"వచ్చే ఐతవారం వస్త సార్," అంది.

"ఈ చేత్తోనా?"

"అడ్డముండనీకె చెయ్యెందుకు సార్?"